మాస్టారి పేరు మీద మెడల్ పెడదామంటే... ఎవరికివ్వాలి, దేనికివ్వాలి?

నాగావళి_మోల్ (శ్రీకాకుళం) · అక్టోబర్ 8, రాత్రి 9:12

నిన్న విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగింది. ఇవాళ మధ్యాహ్నం స్టాక్‌హోంలో కెమిస్ట్రీ నోబెల్ ప్రకటించారు. రెండూ ఒకే వారంలో పడ్డందుకో ఏమో, ఆరు నెలలుగా నానుతున్న మన సంగతి మళ్లీ గుర్తొచ్చింది.

తెలియనివారి కోసం: మా డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లకు పైగా కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు నిరుడు పోయారు. పాత విద్యార్థులం వాట్సాప్‌లో చందాలు వేసుకుంటే 1,20,000 రూపాయలు పోగయ్యాయి. బ్యాంకులో వేసి, ఆ వడ్డీతో ఏటా బీఎస్సీ కెమిస్ట్రీ టాపర్‌కి మాస్టారి పేరుతో మెడల్ ఇద్దామనుకున్నాం. అందరూ సరేనన్నారు. అందరూ సరేనన్నారంటే ఎవరూ ఆలోచించలేదని అర్థం, అని మాస్టారే అనేవారు.

అందుకే అడుగుతున్నాను. పెద్ద పెద్ద సైన్సు సంఘాలు కెమిస్ట్రీలో గొప్ప పని చేసినవాళ్లని ఎలా గౌరవిస్తాయి? ఎవరు ఎంపిక చేస్తారు? దేన్ని చూస్తారు? అందులోంచి మనలాంటి చిన్నవాళ్లు ఏం పట్టుకోవచ్చు?

---

పలాస_జీడిపిక్క (పలాస) · అక్టోబర్ 8, రాత్రి 9:30

ఏటి బావా, లక్షా ఇరవై వేలకి నోబెల్ కమిటీని సలహా అడుగుతున్నావు! టాపర్‌కి ఇచ్చెయ్, ఫొటో దిగు, జీడిపప్పు పాకం నేను పంపిస్తాను.

---

కంటోన్మెంట్_కెమిస్ట్రీ (విజయనగరం) · అక్టోబర్ 8, రాత్రి 10:05

టాపర్‌కి ఇవ్వకండి బాబూ. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, కాస్త ఓపిగ్గా వినండి. టాపర్‌కి మార్కులున్నాయి, యూనివర్సిటీ సర్టిఫికెట్ ఉంది. మీ మెడల్ వాడికి మూడో దండ అవుతుంది.

లండన్ రాయల్ సొసైటీ వాళ్లది డేవీ మెడల్ అని ఒకటుంది. అది పుట్టిన కథ చెబుతాను, మీకు పనికొస్తుంది. హంఫ్రీ డేవీ 1815లో బొగ్గు గనుల కోసం సేఫ్టీ లాంప్ చేశాడు. మంట చుట్టూ సన్నని ఇనుప జాలి, అంతే. గనిలో మండే గ్యాసు జాలి లోపలికొచ్చి అంటుకున్నా, జాలి వేడిని లాగేసుకోవడం వల్ల మంట బయటికి రాదు. ఆయన దానికి పేటెంటు తీసుకోలేదు. గనుల యజమానులు కృతజ్ఞతగా వెండి భోజన పాత్రల సెట్టు ఇచ్చారు. ఆయన తర్వాత అది తమ్ముడు జాన్ డేవీ చేతికి వచ్చింది. ఆ వెండిని కరిగించి, అమ్మి, కెమిస్ట్రీలో ముఖ్యమైన ఆవిష్కరణకి మెడల్ పెట్టమని జాన్ వీలునామా రాశాడు. 1877లో మొదటిసారి బున్‌సెన్, కిర్కాఫ్‌లకు ఇచ్చారు. అవును, మన ల్యాబ్ బర్నరు బున్‌సెనే.

1882లో అదే మెడల్ మెండలీవ్‌కీ, లోథర్ మేయర్‌కీ కలిపి ఇచ్చారు, పరమాణు భారాల మధ్య ఆవర్తన సంబంధాన్ని కనుక్కున్నందుకు. న్యూలాండ్స్ గుర్తున్నాడు కదా, ప్రతి ఎనిమిదో మూలకంలో అవే గుణాలు సంగీత స్వరాల్లా తిరిగొస్తాయన్నవాడు? ఆ మాట చెప్పినప్పుడు సభలో నవ్వారు. 1887లో అతనికీ డేవీ మెడల్ ఇచ్చారు. ఆలస్యంగానైనా సొసైటీ లెక్క సరిచేసింది. నోబెల్ సరిచేయలేకపోయింది. 1906లో కెమిస్ట్రీ కమిటీ మెండలీవ్ పేరు పెడితే స్వీడిష్ సైన్సు అకాడమీ మార్చేసి, ఫ్లోరిన్‌ని వేరుచేసిన మువాసాన్‌కి ఇచ్చింది. మరుసటేడు ఫిబ్రవరిలో మెండలీవ్ పోయాడు.

ఇవన్నీ ఎందుకంటే, వాళ్లెవరూ 'క్లాసులో ఫస్టొచ్చాడు' అని ఇవ్వలేదు. ఒక్క వాక్యంలో 'ఇదిగో, ఈ పని చేశాడు' అని రాసి ఇచ్చారు. ఆ వాక్యాన్ని సైటేషన్ అంటారు. మెడల్ పోయినా అది మిగులుతుంది.

---

టెక్కలి_టైట్రేషన్ (హైదరాబాద్‌లో పీహెచ్‌డీ) · అక్టోబర్ 8, రాత్రి 10:41

గురువుగారూ, మెడల్ పోయినా అన్నారు కాబట్టి ఒక కథ. హిట్లర్ కాలంలో జర్మనీ నుంచి బంగారం బయటికి పంపడం నేరం. భౌతిక శాస్త్రవేత్తలు లావే, ఫ్రాంక్‌ల నోబెల్ మెడల్స్ కోపెన్‌హేగన్‌లో శాస్త్రవేత్త నీల్స్ బోర్ సంస్థలో దాచారు. మెడల్ మీద పేరుంటుంది కదా, దొరికితే ఆ మనుషుల ప్రాణం మీదికొస్తుంది. 1940లో జర్మన్ సైన్యం ఊళ్లోకి వస్తుంటే హెవెసీ అనే కెమిస్టు ఆ రెండు మెడల్స్‌నీ ఆక్వా రీజియా అనే ఆమ్లాల మిశ్రమంలో వేసి కరిగించేశాడు. అదీ తేలిగ్గా కరగలేదట, ఆ రోజంతా పట్టిందట. నారింజ రంగు ద్రావణం సీసాలో పోసి అలమారలో పెట్టేశారు. సైనికులు వచ్చి వెతికారు, సీసా వైపు చూడనే లేదు. యుద్ధం అయ్యాక సీసా అక్కడే ఉంది. బంగారం తిరిగి తీసి పంపితే నోబెల్ ఫౌండేషన్ మళ్లీ మెడల్స్ పోయించి ఇచ్చింది.

వైవాలో ఎవరైనా 'బంగారం దేంట్లో కరుగుతుంది' అని అడిగితే మూడు వంతుల హైడ్రోక్లోరిక్, ఒక వంతు నైట్రిక్ అని చెప్పి ఊరుకోకండి, ఇది చెప్పండి. ఎక్స్‌టర్నల్‌కి నిద్ర వదులుతుంది.

---

పలాస_జీడిపిక్క · అక్టోబర్ 8, రాత్రి 10:50

మా ఆవిడ గాజులు ఎక్కడ దాచాలో ఇప్పుడు తెలిసింది.

---

బొబ్బిలి_బ్యూరెట్ (జూనియర్ కాలేజీ లెక్చరర్) · అక్టోబర్ 9, ఉదయం 6:20

కథలు బాగున్నాయి. కానీ ఎవరికి ఇవ్వలేదో కూడా చెప్పుకోవాలి.

మేరీ క్యూరీని 1911 జనవరిలో ఫ్రెంచ్ సైన్సు అకాడమీ సభ్యురాలిగా తీసుకోలేదు. అదే ఏడాది చివర ఆమెకి రెండో నోబెల్ వచ్చింది, ఈసారి కెమిస్ట్రీలో. లండన్ కెమికల్ సొసైటీలో తమని చేర్చుకోమని 1904లో పందొమ్మిది మంది మహిళా కెమిస్టులు అర్జీ పెట్టుకున్నారు. తలుపు తీయడానికి 1920 దాకా పట్టింది. రాయల్ సొసైటీకి 1945 దాకా ఒక్క మహిళా ఫెలో లేరు. అంటే మెడల్ సంగతి తర్వాత, ముందు గదిలోకి రానివ్వాలి కదా.

మన దేశంలో అసీమా చటర్జీ గారు 1961లో, దేశంలో సైన్సు పరిశోధనకిచ్చే భట్నాగర్ బహుమతిని కెమిస్ట్రీలో అందుకున్నారు. ఆ బహుమతి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. మొక్కల్లోంచి మందు గుణమున్న పదార్థాలు తీయడం ఆవిడ పని. బిళ్ల గన్నేరు గురించి పిల్లలకి చెప్పేటప్పుడు ఆవిడ పేరు చెబుతాను. మా క్లాసులో అరవై మందిలో నలభై మంది ఆడపిల్లలే. పాఠ్యపుస్తకంలో బొమ్మలన్నీ గడ్డాలవాళ్లవే.

మోల్ తమ్ముడూ, కమిటీ అంటూ పెడితే అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి. ఇది నా షరతు. చందా ఐదు వేలు వేశాను, గుర్తుందా?

---

నాగావళి_మోల్ · అక్టోబర్ 9, ఉదయం 7:02

గుర్తుందక్కా. షరతు ఒప్పుకున్నాం.

మరి మన తెలుగువాళ్ల సంగతి?

---

టెక్కలి_టైట్రేషన్ · అక్టోబర్ 9, ఉదయం 8:15

యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో 1895లో పుట్టారు. నోబెల్ రాలేదు. కానీ ఆయన్ని జనం ఎలా గుర్తుపెట్టుకున్నారో చూస్తే సరదాగా ఉంటుంది.

1925 నాటి ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి, ఫాస్ఫరస్ ఎంతుందో రంగుని బట్టి లెక్కగట్టేది, బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఇప్పటికీ ఆ పేరుతోనే చెబుతారు. 1953లో అమెరికాలో మురుగునీటి ఫిల్టర్ల మీద పెరిగే ఒక బూజుకి సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. మురుగు బూజుకి పేరేమిటని నవ్వకండి, శాస్త్రంలో అది గౌరవమే. 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

అసలు గౌరవం మన జిల్లాలోనే ఉంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్రలు గుర్తున్నాయా? ఆశా కార్యకర్త ఎదురుగా నిలబడి మింగేదాకా కదిలేది కాదు. ఆ డీఈసీ 1940లలో అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌లో సుబ్బారావు గారి నేతృత్వంలో వచ్చిన మందే. మా నానమ్మకి ఆయన పేరు తెలియదు, మాత్ర మాత్రం తెలుసు.

---

పైడిభీమవరం_రియాక్టర్ (రణస్థలం) · అక్టోబర్ 9, మధ్యాహ్నం 1:48

షిఫ్టు మధ్యలో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

'నేతృత్వంలో' అన్నావు చూడు తమ్ముడూ, అక్కడే నాకు మండుతుంది. నా మాట చెబుతాను. పదేళ్ల క్రితం వేరే కంపెనీలో పని చేసేవాణ్ణి. తయారీ మధ్యలో వచ్చే ఒక పదార్థం (ఇంటర్మీడియట్ అంటాం) దిగుబడి 61 శాతం దగ్గర ఆగిపోయింది. రాత్రి షిఫ్టులో మేం నలుగురం, ఆపరేటర్ ఒకతను చెప్పిన మాట పట్టుకుని, చల్లార్చే వేగం తగ్గించి చూశాం. గంటలో చల్లార్చేదాన్ని ఐదు గంటలు చేశాం. స్ఫటికాలు పెద్దగా, శుభ్రంగా పడ్డాయి, వడకట్టులో నష్టం తగ్గింది, 74కి వచ్చింది. ఏడాది చివర సభ పెట్టి షీల్డు ఇచ్చారు. మేనేజర్‌కి. స్టేజీ మీద మా పేర్లు కూడా రాలేదు. ఆ ఆపరేటర్ పదో తరగతి చదివినవాడు. వెనకాల కుర్చీలు సర్దుతున్నాడు.

ఈ సంఘాల వాళ్లు దీనికి ఏమైనా చేశారా?

---

కంటోన్మెంట్_కెమిస్ట్రీ · అక్టోబర్ 9, సాయంత్రం 5:30

చేశారు బాబూ, ఈమధ్యే. నోబెల్‌లో ముగ్గురికి మించి పంచరు. ఆ నియమం వల్ల నాలుగోవాడు ఎప్పుడూ బయటే. బ్రిటన్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ తన బహుమతులన్నిటినీ తిరగేసి చూసుకుని, 2021 నుంచి హొరైజన్ ప్రైజులని జట్లకి ఇవ్వడం మొదలెట్టింది. అందులో ప్రొఫెసర్లే కాదు, విద్యార్థులు, టెక్నీషియన్లు కూడా పేర్లతో ఉంటారు. మన దేశంలోనూ 2024లో మొదలైన రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాల్లో జట్టుకని విడిగా ఒకటి పెట్టారు, మొదటిది చంద్రయాన్-3 వాళ్లకి. భట్నాగర్ ఇప్పుడు అందులోనే యువ విభాగంగా కలిసింది, నలభై అయిదేళ్ల లోపువారికి. మునుపు ఐదు లక్షలు ఇచ్చేవారు, ఇప్పుడు మెడలూ సర్టిఫికెట్టూ మాత్రమే, నగదు లేదు. ఈ మార్పు మీద నాకు రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ ఇక్కడ రాయను.

నిన్నటి నోబెల్‌నే చూడండి. కిటగావా, రాబ్సన్, యాఘీ. లోహ అయాన్లని, కర్బన అణువుల్ని కలిపి లోపల గదులున్న స్ఫటికాలు కట్టారు. రాబ్సన్‌కి ఆ ఊహ ఎక్కడ మొదలైందంటే, 1974లో మెల్‌బోర్న్‌లో క్లాసు కోసం చెక్క బంతులతో అణువుల నమూనాలు చేయించాలనుకున్నాడు. పుల్లలు గుచ్చడానికి యూనివర్సిటీ వర్క్‌షాపులో బంతులకి రంధ్రాలు వేయించాడు. తీరా అమర్చి చూస్తే, రంధ్రాలు సరైన చోట ఉంటే చాలు, నమూనా తనంతట తానే సరైన ఆకారానికి వచ్చేస్తోంది. నిజం అణువులతో ఇలా చేస్తే? అని అప్పుడు తట్టింది. 1989లో మొదటి ఫలితం అచ్చయింది.

ఆ రంధ్రాలు వేసిన మనిషి ఎవరో?

---

గజపతినగరం_లెడ్జర్ (అకౌంట్స్) · అక్టోబర్ 9, రాత్రి 8:10

నేను కామర్సు వాణ్ణి, మా తమ్ముడు కెమిస్ట్రీ, వాడి తరఫున చూస్తుంటాను. డబ్బు సంగతి ఎవరూ మాట్లాడలేదు.

లక్షా ఇరవై వేలు ఫిక్స్‌డ్‌లో వేస్తే ఏడు శాతం అనుకున్నా ఏడాదికి 8,400. సభ, బ్యానరు, శాలువా, టీ, సమోసా కలిపి ఆరు వేలు తినేస్తాయి. అంటే గౌరవం రెండు వేల నాలుగొందలు, గౌరవించే ఖర్చు ఆరు వేలు. ముందు శాలువా కొట్టేయండి.

---

బొబ్బిలి_బ్యూరెట్ · అక్టోబర్ 9, రాత్రి 8:22

శాలువా కొట్టేయడానికి నేను సై. మా ఇంట్లో పదకొండున్నాయి. ఒక్కటీ కప్పుకోలేదు.

---

కంటోన్మెంట్_కెమిస్ట్రీ · అక్టోబర్ 9, రాత్రి 9:00

తక్కువ డబ్బని చిన్నబుచ్చుకోకండి. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ గారు 1922లో పదివేలు ఇచ్చి కలకత్తా యూనివర్సిటీలో కెమిస్ట్రీ పరిశోధనకి ఏటా ఇచ్చే బహుమతి పెట్టారు. తన పేరు పెట్టుకోలేదు, పాతకాలపు రసవాది నాగార్జునుడి పేరు పెట్టారు. ఇండియన్ కెమికల్ సొసైటీకి 1924లో మొదటి అధ్యక్షుడాయన. ఆయన గుర్తుగా 2011లో బ్రిటన్ వాళ్లు ప్రెసిడెన్సీ కాలేజీలో కెమికల్ లాండ్‌మార్క్ ఫలకం పెట్టారు. అలా చోటుకి కూడా గౌరవం ఇస్తారు, మనిషికే కాదు. మన పాత ల్యాబు గోడకి ఒక ఫలకం పెట్టినా తప్పు లేదు.

---

నాగావళి_మోల్ · అక్టోబర్ 9, రాత్రి 10:30

రియాక్టర్ అన్నయ్య రాసింది మధ్యాహ్నం నుంచి బుర్రలో తిరుగుతోంది. ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. మన మాస్టారి పేరుతో మొదటి మెడల్ ల్యాబ్ బాబాయ్‌కి ఇస్తే?

కొత్తవాళ్లకి: ల్యాబ్ అటెండర్. రిటైరై ఎనిమిదేళ్లు. సాల్ట్ అనాలిసిస్ రోజు గ్యాసు తయారుచేసే కిప్ ఉపకరణం బాబాయ్ చెయ్యి పడితేనే పని చేసేది. హైడ్రోజన్ సల్ఫైడ్ వాసనకి మేమంతా ముక్కు మూసుకుంటే, 'కోడిగుడ్డు తినేటప్పుడు మూస్తారా గుంటడా' అనేవాడు. మాస్టారు పోయిన రోజు అందరికంటే ముందు వచ్చి గుమ్మంలో కూర్చున్నది ఆయనే.

---

పలాస_జీడిపిక్క · అక్టోబర్ 9, రాత్రి 10:44

దీనికి జోకు వెయ్యను బావా. నేను సై.

---

టెక్కలి_టైట్రేషన్ · అక్టోబర్ 9, రాత్రి 11:05

నాకు అభ్యంతరం ఉంది. బాబాయ్ అంటే ప్రేమ అందరికీ ఉంది. కానీ మెడల్ ప్రేమకి ఇచ్చేది కాదు. గురువుగారు చెప్పిన సైటేషన్ పెట్టి చూద్దాం. 'చాలా మంచివాడు, ఎంతో సేవ చేశాడు' అని రాస్తే అది రిటైర్మెంట్ సభ ఉపన్యాసం అవుతుంది. ఆయన కెమిస్ట్రీలో ఏం చేశాడు? ఒక్క వాక్యం రాయండి, నేనూ సంతకం పెడతాను.

---

పైడిభీమవరం_రియాక్టర్ · అక్టోబర్ 10, ఉదయం 5:50

కుర్రాడు అడిగింది న్యాయమే. నాకు వాక్యం రావట్లేదు.

---

నెల్లిమర్ల_నార్మాలిటీ (అదే కాలేజీలో గెస్ట్ లెక్చరర్) · అక్టోబర్ 10, మధ్యాహ్నం 12:35

మూడేళ్లుగా ఇక్కడ పని చేస్తున్నాను, వేదికలో రాయడం మొదటిసారి. మీ చర్చ చదివి ఇప్పుడే స్టోర్ రూంలోకి వెళ్లొచ్చాను.

ఉప్పు ఎంతుందో తేల్చే మోర్ పద్ధతి టైట్రేషన్ అందరూ చేసే ఉంటారు. బ్యూరెట్‌లో సిల్వర్ నైట్రేట్, ఫ్లాస్కులో ఉప్పు, సూచిక పొటాషియం క్రోమేట్, ఇటుక రంగు రాగానే ఆపాలి. తర్వాత అందరం సింకులో పోస్తాం. బాబాయ్ పోయనిచ్చేవారు కాదట. ప్రతి బ్యాచ్ దగ్గరా నిలబడి ఫ్లాస్కులన్నీ ఒక గోధుమరంగు సీసాలోకి ఒంపించుకునేవారట. ఆ సీసా ఐదు లీటర్లది, ఇంకా ఉంది. అడుగున నాలుగు వేళ్ల మందం మడ్డి, వెలుగు తగిలిన వైపు ఊదా రంగుకి తిరిగింది. మూతకి చీటీ దారంతో కట్టి ఉంది. చేతిరాతతో 'వెండి. పారబోయరాదు.' అని, కింద తారీఖు 2004.

ఎవరూ చెప్పకుండానే మొదలెట్టారని సీనియర్ మేడం అన్నారు. మాస్టారు చూసి, అప్పట్నుంచి రికార్డు పుస్తకాల్లో చివరి లైనుగా 'అవశేషం సీసాలో పోయితిని' అని రాయించేవారట.

---

టెక్కలి_టైట్రేషన్ · అక్టోబర్ 10, మధ్యాహ్నం 12:58

నా రికార్డులో కూడా ఉంది ఆ లైను! ఎందుకు రాస్తున్నామో తెలియకుండా రాశాను.

వాక్యం దొరికింది. 'విద్యార్థుల టైట్రేషన్ వ్యర్థాల నుంచి వెండిని పోకుండా కాపాడే పద్ధతిని కాలేజీ ల్యాబులో తనంతట తాను ప్రవేశపెట్టి, రిటైరయ్యేదాకా నడిపినందుకు.' సంతకం పెట్టాను.

---

కంటోన్మెంట్_కెమిస్ట్రీ · అక్టోబర్ 10, మధ్యాహ్నం 2:15

'విద్యార్థుల' తీసేయండి, బరువవుతోంది. తక్కినదంతా ఉంచండి.

ఇప్పుడు లెక్క. మడ్డి ఎక్కువగా సిల్వర్ క్లోరైడ్. ఎండిన క్లోరైడ్ నూరు గ్రాములుంటే వెండి డెబ్బై అయిదు. పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో జింకు ముక్కలు వేస్తే వెండి బూడిద రంగు పొడిగా పడుతుంది. కడిగి, ఎండబెట్టి, వెలిగారం చల్లి మూసలో పెడితే కంసాలి గంటలో బిళ్ల చేసి ఇస్తాడు. డేవీ పాత్రలు కరిగించినట్టు. మెడల్ ఆ వెండితోనే చేయిద్దాం.

---

టెక్కలి_టైట్రేషన్ · అక్టోబర్ 10, మధ్యాహ్నం 2:31

ఒక్క జాగ్రత్త. పైన ఉన్న పసుపు నీళ్లలో క్రోమేట్ ఉంటుంది, అది విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, సింకులో పోయొద్దు. విడిగా పట్టి ఉంచండి, దాన్ని ఎలా శుద్ధి చేయాలో నేను రాసి పంపుతాను.

---

గజపతినగరం_లెడ్జర్ · అక్టోబర్ 10, సాయంత్రం 6:40

అందరూ సంతోషంగా ఉన్నారు, నేనే చెప్పాలి కాబోలు. ఆ వెండి ఎవరిది? సిల్వర్ నైట్రేట్ కొన్నది కాలేజీ డబ్బుతో. వెండి ధర ఇప్పుడున్న తీరుకి రేపు ఆడిట్ వాళ్లు 'స్టాకు రిజిస్టర్‌లో లేని లోహం బయటికెలా వెళ్లింది' అని అడిగితే బాబాయ్ మెడలో మెడల్‌తో సహా సంజాయిషీ రాయాలి. ముందు ప్రిన్సిపాల్‌కి ఉత్తరం పెట్టండి. బరువు తూచి, ఇద్దరు సాక్షులతో రిజిస్టర్‌లో ఎక్కించండి. అంత వెండికి మన చందా నుంచి కాలేజీకి ధర కట్టేయండి. అప్పుడు ఎవరూ మాట్లాడరు. ఉత్తరం డ్రాఫ్టు నేను రాస్తాను.

---

బొబ్బిలి_బ్యూరెట్ · అక్టోబర్ 10, సాయంత్రం 7:05

శాలువా డబ్బులు అటు మళ్లించండి.

---

నెల్లిమర్ల_నార్మాలిటీ · అక్టోబర్ 10, రాత్రి 8:50

హెచ్‌వోడీ మేడం సరేనన్నారు. రేపు పసుపు నీళ్లు జాగ్రత్తగా తీసేసి, మడ్డి కడిగి ఓవెన్‌లో పెడతాను. సోమవారం బరువు ఇక్కడ రాస్తాను.

మెడల్ మాట చెప్పకుండా, ఆ సీసా గురించి బాబాయ్‌కి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'రెండోది కూడా ఉండాలమ్మా. తూకం బీరువా కింద, గోడ వైపు. చూశావా?' అన్నారు.